చిన్న చేతులు పట్టేంత చోటు

"చెక్క మీద నాచు లేకుంటే ఎనిమిది బోట్లు మనయే, లోయిస్! ఓనర్ రేపు పొద్దున వచ్చి చూస్తడట!" ఫోన్ పెట్టేసి లెవీ నన్ను గిరగిరా తిప్పాడు.

హుస్సేన్ సాగర్‌లో కట్టేసి ఉంచే బోట్ల అడుగుకు నాచు పట్టని రంగు వేయడం మా ఆయన పని. పెళ్లయిన రెండు నెలల్లో ఇదే మొదటి పెద్ద ఆర్డర్. రంగు వేసిన ఒక చెక్కను నలభై రోజులు సాగర్ నీళ్లలో ఉంచి, ఈరోజే అమీర్‌పేటలోని మా డాబా మీదికి తెచ్చి, నీళ్ల డ్రమ్ములో పెట్టాడు.

ఆ చెక్కకు గుడ్‌నైట్ చెబుదామని రాత్రి నేనే అతన్ని పైకి లాక్కెళ్లాను. ఆఖరి మెట్రో వెళ్లిపోయి వీధంతా సద్దుమణిగింది. టార్చ్ వెలుగులో చెక్క నున్నగా మెరిసింది. అంచున మాత్రం ఐదు వేళ్ల ఆకారంలో నాచు ఉంది.

"తడి రంగు మీద నువ్వే చెయ్యి పెట్టినవ్ కదా, పిల్లా?"

నా చేయి ఆనించి చూశాను. ఆ ముద్ర అందులో సగం కూడా లేదు.

లెవీ దాన్ని కత్తితో గీకేసి చెక్కను మళ్లీ నీళ్లలోకి దించాడు. మెట్ల దగ్గరికి రాగానే వెనకాల నీళ్లు మెల్లగా కదిలాయి. వెళ్లి చూస్తే ఈసారి రెండు చిన్న చేతుల నాచు ముద్రలు. అంచును గట్టిగా పట్టుకున్నట్టున్నాయి.

లెవీ మళ్లీ కత్తి తీశాడు. నేను అతని చేయి పట్టుకున్నాను.

"గీకకు లెవీ. ఎవరి బిడ్డో, మునిగిపోతానని పట్టుకుందేమో."

అతను కత్తి జేబులో పెట్టుకున్నాడు.

"ఓనర్‌కు ఇట్లనే చూపిస్త. ఆర్డర్ ఇస్తే రేపే మొదలుపెడదాం. ఒక్కో బోటుకు అంచున జర చోటు రంగు వేయకుండ వదిలేద్దాం."