నెలాఖరు మార్కులు

"ఇరవైకి ఆరా! ఈ పిల్లకు ఫీజు మాఫీ ఎట్ల ఉంచమంటవు సువార్తా? ఫైనల్ల గిట్లనే తప్పితే బడి మానాల్సిందే."

హెడ్‌మిస్ట్రెస్ ఎమిలీ, రోసమ్మ లెక్కల పేపరును బల్ల మీద పడేసింది. నిజాం రాజ్యం మీద పోలీసు చర్య జరిగి ఏడాది దాటినా, బొల్లారంలోని ఆ చిన్న మిషన్ బడి పిల్లల ఇళ్లకు రేషన్ జొన్నలే దిక్కు. ఒకటో తారీఖున ఇచ్చినవి ఇరవయ్యో తారీఖు దాటేసరికి అయిపోయేవి.

"నెల మొదట్ల పందొమ్మిది తెచ్చుకున్న పిల్లనే గదమ్మా" అంది నాలుగో తరగతి టీచరు సువార్త. "ఒక్క రోసమ్మ కాదు, క్లాసు మొత్తానికి నెలాఖరుల మార్కులు పడిపోతున్నయి. సగం కడుపుతోని లెక్కలెట్ల వస్తయి? ఫైనల్ పరీక్ష రేషన్ వచ్చినంక పెడదాం. జెర బడుల ఇన్‌స్పెక్టర్ గారికి చెప్పండి."

"ఉత్తగ చెప్తే ఆయన నవ్వుతడు. రుజువు గావాలె. పేపర్లన్నీ ఇటియ్యి."

ఎమిలీ రోసమ్మ పేపరే ముందు తీసింది. రెండో లెక్క దగ్గర ఆగిపోయింది.

"ఎనభై నాలుగును ఏడుతోని భాగిస్తే ఎంత?"

"పన్నెండు."

"రోసమ్మ సుత పన్నెండే రాసింది. తప్పెందుకు పెట్టినవు?"

సువార్త పేపరు అందుకుంది. పన్నెండు పక్కన ఎర్ర పెన్సిల్‌తో తప్పు గుర్తు. తను పెట్టిందే. మూడో లెక్కా సరైనదే, ఐదోదీ అంతే. మిగతా పిల్లల పేపర్లూ అలాగే ఉన్నాయి. సువార్త ముఖం పాలిపోయింది. పడిపోకుండా బల్ల అంచు పట్టుకుంది.

ఎమిలీ నిర్ఘాంతపోయింది. ఆరేళ్లుగా కళ్లు మూసుకుని నమ్మిన మనిషి! తప్పు దొరికిపోయింది కాబట్టే తడబడుతోందనుకుంది. ఒళ్లు మండిపోయింది.

"పేదపిల్లల పొట్ట కొడ్తవా? వాళ్ల మీద ఏం పగ నీకు?"

"నాకు తెల్వదమ్మా... చూసే దిద్దిన."

ఆ మాట ఎమిలీకి నమ్మబుద్ధి కాలేదు. వరండాలో ఉన్న రోసమ్మను లోపలికి పిలిచింది.

"భయపడకు బిడ్డా. మీ టీచరుకు నీ మీద కోపమా?"

"లేదమ్మా! నెలాఖరుల ఇంట్ల జొన్నలు అయిపోయినోళ్లందరికీ టీచరమ్మ తన రొట్టెలే తెచ్చి పెడ్తది."

సువార్త తల వంచుకుంది. ఎమిలీ గొంతు ఒక్కసారిగా తగ్గిపోయింది.

"మరి మీ టీచరమ్మ ఏం తింటదే?"

"నీళ్లు తాగుతదమ్మా."