ఒక్కపూట కాషాయం

"కనుబొమలు కూడానా?" గోల్ఫ్ రెండు చేతులతో నుదురు కప్పేసుకున్నాడు.

"మరి? నెత్తి వరకే గీసి ఆపేస్తే అది క్షవరం అవుతుంది నాయనా, దీక్ష కాదు" అన్నాడు పెద్ద భిక్షువు, కత్తి నీళ్లలో ముంచి తీస్తూ.

బౌద్ధ విహారం అరుగు మీద కాషాయ వస్త్రాలున్న పళ్లెం పట్టుకుని ప్రణోమ్ నిలబడి ఉంది. లోపల పెట్టెలో ఆమె భర్త సోమ్‌ఖిత్ ఉన్నాడు. మొన్న పొద్దున అంగడికని సైకిలెక్కి వెళ్లినవాణ్ని వ్యాన్ గుద్దేసింది. ఈ సాయంత్రమే దహనం. ఈలోగా ఇంటి మగపిల్లాడు ఎవడో ఒకడు గుండు చేయించుకుని ఒక్కపూట భిక్షువైతే, పోయినాయన ఆ కాషాయపు అంచు పట్టుకుని పైకెళ్లిపోతాడు. ప్రణోమ్‌కి కొడుకుల్లేరు. ఉన్నదల్లా ఆడపడుచు సునీ కొడుకులు. ముద్దుపేర్లు గోల్ఫూ, బ్యాంకూ.

"అత్తా, నేను ఫోన్‌లో మొహానికి రాసుకునే క్రీములు అమ్ముకుంటాను. కనుబొమల్లేని మొహం చూసి ఎవరు కొంటారు చెప్పు?" అన్నాడు గోల్ఫ్. రోజూ పొద్దున్నే 'వదిలేయడమే సుఖం' అని స్టేటస్ పెట్టేది కూడా ఇతనే.

"నువ్వు చెయ్యి నాయనా బ్యాంకూ" అంది ప్రణోమ్.

"వచ్చే ఆదివారం మా పెళ్లి ఫోటోలత్తా. సముద్రం దగ్గర. కనుబొమలు లేకపోతే తను నన్ను సముద్రంలోనే వదిలేస్తుంది."

సునీ కొడుకుల్ని వెనకేసుకొచ్చింది. "అయినా వదినా, అన్నయ్య ఎంత పుణ్యాత్ముడు! ఆయనకి వేరే గుండు సాయం కావాలా?"

"కావాలి సునీ. నేనే గీయించుకుందును. ఆడదానికి తెల్లబట్ట ఇస్తారు కానీ కాషాయం ఇవ్వరుగా" అంది ప్రణోమ్. కళ్లల్లో నీళ్లు లేవు. మూడు రోజులుగా ఏడ్చి అవి కూడా అయిపోయినట్టున్నాయి.

అప్పుడే గేటు దాటి ఒక కుర్రాడు వచ్చాడు. పాతికేళ్లుంటాయి. చెప్పులు గేటు దగ్గరే వదిలేశాడు. తిన్నగా వచ్చి ప్రణోమ్ ముందు మోకాళ్ల మీద కూలబడి, నేలకి నుదురానించి, ఏదో చెప్పాడు. ఏం చెప్పాడో ఎవరికీ వినపడలేదు. ప్రణోమ్ మొహం బియ్యప్పిండిలా తెల్లబడింది.

ఆమె వంగి అతని చెవిలో ఏదో అంది. వంటపాకలో బొప్పాయి తురుముతున్న ముసలమ్మలు కూడా కత్తులు ఆపేశారు.

"కనుబొమలు కూడా తీయాలి. తెలుసా?" అంది, ఈసారి పైకి.

"తెలుసమ్మా."

"ఎవరబ్బాయి?" అన్నాడు పెద్ద భిక్షువు.

"మా ఇంటివాడే అనుకోండి గురువుగారూ."

అంతే. వంటపాకలో కత్తుల కంటే నాలుకలు జోరందుకున్నాయి.

"అనుకోండి అంటోంది, విన్నావా?"

"ట్రాక్టరు సామాన్లకని ఉడోన్ పట్నం వెళ్లి రెండేసి రోజులు ఉండిపోయేవాడు కదూ! ఇవా ఆ సామాన్లు?"

"ముక్కు చూడవే, అచ్చం సోమ్‌ఖిత్‌దే! గుండు చేశాక ఇంకా తేటపడుతుంది."

సునీకి ఒళ్లు మండిపోయింది. "మా అన్నయ్యకి రెండో కాపురమా? అదీ వదినకి తెలిసే?"

కత్తి ఆడుతుంటే కుర్రాడు కళ్లు మూసుకోలేదు. రాలిన జుట్టుని ప్రణోమ్ తామరాకులో పట్టింది. తల్లులు పట్టే ఆకు అది. తర్వాత కాషాయం ఆమె చేతులతోనే ఇచ్చింది. దీక్ష పూర్తయి అతను అరుగెక్కి కూర్చోగానే అందరూ మొక్కాలి. సునీ చేతులు కట్టుకుని నిలబడింది. "చస్తే మొక్కను. దాని కొడుక్కా!"

ప్రణోమ్ వంగింది. తల్లి వయసు ఆవిడ, ఆ కుర్రాడి ముందు నేలకి నుదురానించి మూడుసార్లు మొక్కింది. మూడోసారి లేవడానికి చాలాసేపు పట్టింది. కదలకుండా కూర్చున్న ఆ కొత్త భిక్షువు చెంపల మీదుగా నీళ్లు కారి కాషాయం మీద పడుతున్నాయి, కనుబొమలు లేని ఆ మొహంలో దాక్కోవడానికి ఏమీ లేదు. చూస్తూ చూస్తూ ముసలమ్మలు ఒక్కొక్కరే కూర్చుండిపోయి చేతులు జోడించారు. తర్వాత బ్యాంకు. తర్వాత, ఫోన్ జేబులో పెట్టేసుకుని గోల్ఫ్. ఆఖరికి సునీ మోకాళ్లు కూడా ఆమె మాట వినలేదు.

సాయంత్రం పెట్టెకి కట్టిన తెల్ల దారం పట్టుకుని అతను ముందు నడిచాడు. ఎండకి సిమెంటు నేల కాలిపోతోంది. అందరూ చెప్పులున్నా గెంతుతుంటే అతను వట్టి కాళ్లతో, నిద్రపోతున్నవాణ్ని లేపకూడదన్నంత నెమ్మదిగా, పెట్టెని దహనశాల చుట్టూ తిప్పాడు. చందనపు చెక్క పూలు పెట్టె మీద వేసి జనం మెట్లు దిగారు. దహనశాల గొట్టంలోంచి పొగ తిన్నగా లేచింది. గాలే లేదు. కాకి కూడా అరవలేదు. అంత నిశ్శబ్దం ఆ విహారంలో ఎవరూ ఎరగరు.

చీకటి పడేలోపు అతను కాషాయం విప్పి, ప్రణోమ్‌కి దండం పెట్టి వెళ్లిపోయాడు.

సునీ పక్కకొచ్చి కూర్చుంది. గొంతులో పొద్దుటి కారం లేదు. "వదినా, నిన్ను చూస్తే నాకు భయమేస్తోంది. సవతి కొడుక్కి కూడా అలా మొక్కగలిగావే! పోనీలే, మా అన్నయ్య బిడ్డేగా. రేపు భోజనానికి పిలుద్దాం."

ప్రణోమ్ పొగకేసే చూస్తూ అంది.

"మీ అన్నయ్య బిడ్డ కాదు సునీ. పొద్దున వచ్చి క్షమించమన్నాడు. నా వల్ల కాలేదు. ఆయన్నే అడుక్కో, దారి చూపిస్తూ దగ్గరుండి అడుక్కో అన్నాను. ఆ వ్యాన్ నడిపింది ఇతనే."