కొట్టేసిన పేజీలు

"ఈ రెండు పేజీలు మాత్రం ఉండకూడదండి," అంది బిందుశ్రీ, ఎర్ర కలం మూత తీస్తూ.

త్రినాథరావు మొహం చిట్లించాడు. "ఏటి మేడం! నవలంతటికీ అదే కదా గొప్ప సీను. చుట్టాలందరి ముందరా రాజశేఖరం పప్పు గిన్నె ఎత్తి పెళ్ళాం మీదకి ఇసిరేస్తాడు. మగోడంటే అలాగుండాల!"

నవలలు దిద్దిపెట్టడం బిందుశ్రీ వృత్తి. రాయగడలో చింతపండు హోల్‌సేల్ వ్యాపారి ఒకాయన నవల రాశాడంటే, ముచ్చటపడి సెమిలిగుడ నుంచి బస్సెక్కి వచ్చింది. చెత్త కథలు ఆమెకి కొత్త కాదు. కాని ఇది చదువుతుంటే పేజీ పేజీకీ చేతులు కడుక్కోవాలనిపించింది. భార్య పుట్టింటికి ఫోన్ చేస్తే రాజశేఖరం ఆ ఫోన్ నేలకేసి కొడతాడు. ఆవిడ జ్వరంతో పడుకుంటే దొంగ నిద్రంటాడు. ఊళ్ళో మాత్రం చలివేంద్రాలు పెట్టించి మెడనిండా దండలు వేయించుకుంటాడు. ఇంతా చేస్తే, ఇతనే కథానాయకుడు!

"పప్పులో ఉప్పెక్కువైందని అంత పని చేసినవాణ్ని చదివేవాళ్ళు అసహ్యించుకుంటారండి. నాయకుడు మంచివాడే కానక్కర్లేదు. కాని వాడి మనసేమిటో మనకి తెలియాలి. ఆ తర్వాత ఎక్కడైనా, ఒక్క వాక్యంలోనైనా, అయ్యో అనుకున్నాడా?"

"ఎందుకనుకుంటాడు? తప్పు దానిది కదా!"

ఆయన నిజంగానే తెల్లబోయి చూస్తున్నాడు. అదే ఆమెకి మరీ రోత పుట్టించింది.

"ఇంకొకటి. కథంతా రాజశేఖరమే చెబుతున్నాడు. మరి ఇక్కడ చూడండి," అని ఆమె చదివింది. "'పొగలు కక్కే పప్పు మెడ మీంచి జారి జాకెట్లోకి దిగింది. ముందు చల్లగా తగిలింది. ఆ తర్వాత భగ్గుమంది.' విసిరినవాడికి ఈ సంగతి ఎలా తెలుస్తుందండి? ఎవరు కథ చెబుతుంటే వాళ్ళకి తెలిసిందే రాయాలి."

"రాసినోడికి తెలీందేటుంటాది మేడం! రెండేళ్ళు కష్టపడ్డాను." త్రినాథరావు కుర్చీలో వెనక్కి వాలి మీసం సవరించుకున్నాడు. "పేరంటే మార్చేను గానీ, రాజశేఖరం అంటే ఈ త్రినాథరావేనని అందరికీ తెలిసిపోవాల. తెలుగు సంఘం హాల్లో సభ పెడతన్నాం. ఇక్కడి వ్యాపారస్తులు, మా బావమరుదులు, కోరాపుట్ నుంచి మా వియ్యాలోరు, అందరూ వస్తారు."

బిందుశ్రీ ఆ మనిషి వంక చూడలేక కాగితాల వంక చూసింది. ఇది కల్పన కూడా కాదన్నమాట. ఈయన ఇదంతా చేశాడు. చేసింది చాలక చాటింపు వేయించుకుంటున్నాడు. బ్యాగు సర్దుకుని లేచిపోదామనుకుంది. కాని ఆ రెండు పేజీలూ అలాగే అచ్చయితే, ఎవరో ఒకావిడ హాలునిండా జనం మధ్య కూర్చుని ఆ గిన్నె దెబ్బ మళ్ళీ తినాలి.

"ఇవి ఉంటే ఆడవాళ్ళెవరూ మీ పుస్తకం ముట్టుకోరు," అంది, ఇంకేం చెబితే వింటాడో తెలియక.

ఆ మాట పనిచేసింది. "ఆడోళ్ళు సదవరా? అలాగైతే కొట్టెయ్యండి. సదువుకున్నోరు, మీకు తెలీనిదేటి? నేను మళ్ళీ సూడను. మీరు దిద్దింది దిద్దినట్టు ప్రెస్సుకి పంపించెయ్యండి."

ఆమె రెండు పేజీల మీదా ఈ మూల నుంచి ఆ మూలకి గీత కొట్టింది. కాస్త ఊపిరాడినట్టయింది.

కింద గోడౌన్ దగ్గర్నుంచి ఎవరో ఒడియాలో కేకేశారు. "బాబూ, మునిగుడ గాడి ఆసిలా!"

మునిగుడ లారీ వచ్చిందంటే ఇక ఆయన ఆగడు. ఆయన మెట్లు దిగుతుండగానే భార్య సత్యవేణి టీ గ్లాసుతో లోపల్నించి వచ్చింది. యాభై ఏళ్ళ మనిషి. కొంగు మెడ చుట్టూ నిండుగా కప్పుకుంది. గ్లాసు బల్ల మీద పెట్టి, ఎర్ర గీతలు చూసి అలాగే నిలబడిపోయింది.

"అవి కొట్టెయ్యకమ్మీ."

"పిన్నిగారూ, అందులో ఉన్నది మీరే కదా?"

"నేనే."

"మరి? అవి అచ్చయితే నలుగురిలో తలెత్తుకోగలరా?"

"మిగతావన్నీ తీసీ, నాకేటీ బాధ నేదు. ఆ రెండూ ఉంచీ. అవి నేకపోతే ఆ పుస్తకమే అక్కర్నేదు."

ఇంతసేపూ ఆయన మీదున్న ఏవగింపు ఒక్కసారి ఈవిడ మీదకి మళ్ళింది. తన్నిన కాలికే పసుపు రాసే మనుషులు! ఇలాంటివాళ్ళ వల్లే కదా అలాంటివాళ్ళు దేవుళ్ళై కూర్చునేది.

"మొగుడికి పేరొస్తుందంటే ఇంత సిగ్గూ మింగేస్తారా?" అనేసింది, నోరు ఆగక.

సత్యవేణికి కోపం రాలేదు. మెట్ల వైపు ఒకసారి చూసింది. కింద త్రినాథరావు కూలీల మీద కేకలేస్తున్నాడు. ఆవిడ కుర్చీ దగ్గరకి జరిగి గొంతు తగ్గించింది.

"ఆయన సంతకం తప్ప ఏటి రాస్తాడమ్మీ? నవల నేను రాసేను. సదివి ఇనిపిస్తే, ఉన్నదున్నట్టు రాసేవని మురిసిపోయేడు."

బిందుశ్రీ ఎర్ర గీత కింద ఉన్న వాక్యాన్ని మళ్ళీ చదివింది, 'ముందు చల్లగా తగిలింది.'

"ఇన్నేళ్ళూ మా అన్నదమ్ముల దగ్గర నేను ఏడ్చి సెప్తే ఒక్కడూ నమ్మనేదు," అంది సత్యవేణి. "ఇప్పుడు ఆయనే ఆ పుస్తకాల మీద సంతకాలెట్టి ఒక్కొక్కడి సేతిలో పెడతాడు."