పేరు పెట్టని పని

కుర్రకారు కొత్తగా ఏం మొదలెట్టినా దానికో పేరు పెట్టి పై ఆఫీసుకు పంపడం కాకినాడలో వకుళ ఉద్యోగం. పేరు పడ్డ సాయంత్రానికల్లా అది దుకాణాల్లో అమ్మకానికి వచ్చేది. మర్నాటికి కుర్రాళ్లు దాన్ని మానేసేవారు. అరగుండు, తిరగేసిన చొక్కా, ఒంటికాలి చెప్పు, అన్నీ అలా పోయినవే.

ఆదివారం ఆమె కొడుకు చేతన్ అన్నం తిని, తన కంచం తనే తోమి బోర్లించాడు.

"ఏంట్రా ఇది?" అంది వకుళ.

"మా బ్యాచ్ అంతా ఇప్పుడిదేనమ్మా. ఇళ్లల్లో అందరూ కంగారు పడిపోతున్నారు."

ఆఫీసు వాళ్లిచ్చిన ఆమె కళ్లద్దాల్లోని యంత్రం ఈ ధోరణికి పేరేమిటని అడిగింది. వకుళ కళ్లద్దాలు తీసి, కందిపప్పు డబ్బాలో వేసి, మూత గట్టిగా బిగించింది.

"సింకులో మూకుడు కూడా ఉంది నాన్నా," అంది.