రెండో సాక్షి

రెండో సాక్షి రాలేదు.

గ్రిమ్స్‌బీ రేవు పట్నంలో, పెళ్ళిళ్ళు జరిపే రిజిస్ట్రారు ఆఫీసులో బెరిల్ గడియారం వంక చూసింది.

"నీ స్నేహితుడేడీ, క్లిఫ్?"

"పడవ ఇంకా రేవుకి రాలేదట."

"సాక్షులు ఇద్దరుండాల్సిందే," అన్నాడు రిజిస్ట్రారు. "పెళ్ళికూతురి అక్కగారు ఒకరు. ఇంకొకర్ని చూసుకోండి."

క్లిఫర్డ్ వసారాలోకి వెళ్ళాడు. బెంచీ మీద ఒకావిడ కూర్చుని ఉంది. నలభై దాటి ఉంటాయి. కోటు తడిసింది.

"అమ్మా, చిన్న సాయం. మా పెళ్ళికి సాక్షి సంతకం పెడతారా?"

ఆవిడ లేచింది. చేతిసంచీ బెంచీ మీదే మరిచిపోయి వెంట వచ్చింది.

"వరుడి తండ్రి పేరు?" అడిగాడు రిజిస్ట్రారు.

"తెలీదండి. నేను అనాథాశ్రమంలో పెరిగాను."

"గీత కొట్టేస్తాను మరి."

"కొట్టండి."

ఆవిడ అందరి కిందా సంతకం పెట్టింది. ఎచ్. బ్లాంచర్డ్.

ఆ తర్వాత ఆవిడ అప్పుడప్పుడూ ఆదివారం పూట వచ్చేది. కాగితంలో చుట్టిన చేప ముక్క ఇచ్చి, పెరటి గుమ్మం దగ్గరే నిలబడేది. భర్త సముద్రంలో పోయాడని చెప్పింది. పిల్లలెంతమంది అని అడిగితే మాత్రం పక్కింటి కుక్క సంగతి ఎత్తేది.

"ఒక్క సంతకం పెట్టిందని జన్మంతా అతుక్కుపోతుందా?" అనేది బెరిల్.

"పోనీలే, ఒంటరి మనిషి."

"ఒంటరివాళ్ళందరికీ టీ కాచి పొయ్యడానికి మనదేమన్నా హోటలా?"

కూతురు లోర్నా పుట్టాక ఆవిడ రాకపోకలు ఎక్కువయ్యాయి. ఉయ్యాల మీదకి వంగి అలాగే చూస్తూ ఉండిపోయేది. బెరిల్‌కి అదీ నచ్చలేదు.

"ఇక ఆదివారాలు మాకు కుదరదండీ," అని చెప్పేసింది ఒకరోజు.

"సరేనమ్మా," అంది ఆవిడ. మళ్ళీ రాలేదు.

కొన్నేళ్ళకి ఆవిడ పోయిందని కబురొచ్చింది. అంత్యక్రియల రోజు క్లిఫర్డ్‌కి రేవులో పని. సెలవు అడగాలని అతనికి తోచలేదు.

బెరిల్ కూడా పోయాక, ముసలితనంలో, క్లిఫర్డ్ కూతుర్ని ఒకటే అడిగాడు.

"మా అమ్మ పేరేంటో కనుక్కోగలవా, లోర్నా? పేరు తెలిస్తే చాలు."

లోర్నా తల్లిదండ్రుల పెళ్ళి పత్రం తెప్పించింది. గ్రంథాలయంలో పాత పత్రాలు చదవడం నేర్పే స్టెబింగ్ అనే పెద్దాయన ముందు పెట్టింది.

"తండ్రి పేరుండాల్సిన చోట గీత ఉంది. తల్లి పేరెక్కడండీ?"

"ఆ కాలం పెళ్ళి పత్రాల్లో తల్లికి గడి లేదమ్మా. మీ నాన్న పూర్తి జనన పత్రం తెప్పించు. అందులో ఉంటుంది. అవునూ, ఈ సాక్షులెవరు?"

"ఒకరు మా పెద్దమ్మ. ఇంకొకావిడ ఎవరో దారిన పోయే మనిషిట."

"అలాగా," అని ఆయన ఆ పేరు ఇంకోసారి చదువుకున్నాడు.

జనన పత్రం వచ్చింది. తల్లి హిల్డా మాకిండర్, చేపల షెడ్డులో కూలి.

"హిల్డా," అన్నాడు క్లిఫర్డ్. ఇంకోసారి అన్నాడు. "పెళ్ళి చేసుకుందా? సుఖపడిందా?"

"వెతుకుతాను నాన్నా."

హిల్డా పెళ్ళి పత్రం దొరకడానికి చలికాలమంతా పట్టింది. లోర్నా దాన్ని విప్పి నిలబడే చదివింది. తర్వాత కూర్చుంది.

"చదువమ్మా. నా కళ్ళు ఆనవు."

"వధువు హిల్డా మాకిండర్. వరుడు..."

"ఊఁ?"

"వాల్టర్ బ్లాంచర్డ్. చేపల పడవ మీద పని."

క్లిఫర్డ్ తన పెళ్ళి పత్రం కోసం చెయ్యి చాపాడు.

"ఆ రోజు పెళ్ళని ఆవిడకెలా తెలుసు?"

"అప్పట్లో జరగబోయే పెళ్ళిళ్ళ నోటీసులు ఆఫీసు బోర్డు మీద పెట్టేవాళ్ళట నాన్నా. అక్కడ క్లిఫర్డ్ మాకిండర్ అని నీ పేరు చూసి ఉంటుంది."

మిసెస్ బ్లాంచర్డ్ ఆ ఉదయం కొడుకు పెళ్ళికి వచ్చింది.