చూరులో డబ్బా

ఆ రోజుల్లో విత్తనాలు డ్రోనే తెచ్చి పడేసేది. అవి ఒక్క పంటకే మొలిచేవి. ఏటా మొలిచే బీర గింజలు సిక్కోలు తీరాన పైడమ్మ పెరట్లోనే మిగిలాయి. ఆవిడ వాటిని డబ్బాలో పోసి, నూరేళ్ల నాటి తన తాటాకు చుట్టింటి చూరులో, వచ్చినవాళ్లు వెతుక్కునేలా దాచేది. జనం తమ స్మార్ట్ కళ్లద్దాలు చూపిన దారినే వచ్చి, ఇంటి చుట్టూ తిరిగి వెతికి, గుప్పెడు తీసుకుని, బదులుగా ఏదో ఒకటి పెట్టి వెళ్లేవారు.

పైడమ్మ పోయింది. మొన్నటి తుపానుకు పాదులూ పోయాయి. పక్కింటి గిన్నెనైనా ఖాళీగా తిరిగివ్వని ఇంట్లో డబ్బా ఖాళీ అయింది. చూరు తడుముతున్న అమ్మాయిని చూసి కోడలు ప్రశాంతికి తల కొట్టేసినట్టయింది.

“అందల ఏటీ నేదమ్మా. గింజలన్నీ తుపానుకి పోనాయి.”

“తీస్కపోనీకి రాలే పెద్దమ్మా, పెట్టనీకి వచ్చిన.” ఆదిలాబాద్ నుంచి వచ్చిన ఆ అమ్మాయి మూట విప్పింది. నల్లటి బీర గింజలు. “మా అమ్మ ఇక్కడికెళ్లే తెచ్చిందట. ఇప్పుడు మా దిక్కు అందరి పెరట్ల ఇదే. పైడమ్మ బీర అంటరు.”

ప్రశాంతి గింజల్ని దోసిట్లోకి తీసుకుని నడుం నిటారు చేసింది.

“మా అత్త ఈ జిల్లా దాటి ఎరగదు. ఎంత దూరం పాకిందో సూడమ్మా!”