మలుపులో తెగిన మాట

"ఈ లెక్క ఎక్కడ కూర్చుని వేశావు, నైరోబీలోనా?"

జెలగాట్ కాగితాలను బల్ల మీదికి విసిరింది. కుర్ర ఇంజనీరు వెకేసా వాటిని ఏరి దొంతి పెట్టాడు.

కేరియో లోయలో ఈమధ్యే సెల్ టవర్ నిలబెట్టారు. అంబులెన్సులు దాన్ని నమ్ముకోవచ్చా అన్నది ప్రశ్న. కొండచరియలకు తగిలి సిగ్నల్ ముక్కలుగా వస్తుంది. ఒకచోట బలపడుతుంది, రెండడుగుల అవతల నీరసిస్తుంది. ఆ ఎగుడుదిగుళ్ళన్నిటికీ కంప్యూటర్‌లో నమూనా కట్టి, లోయలో ఎక్కడా ఫోన్ తెగదని తేల్చాడు వెకేసా. పెద్ద ఇంజనీరు జెలగాట్ సంతకం పెట్టనంటోంది.

"దిగుడు మలుపుల్లో రోజూ తెగుతోందయ్యా. 'హలో, వినపడట్లేదు' అంటాడు. అంతే. మళ్ళీ సాయంత్రం దాకా దొరకడు."

"ఎవరు మేడమ్?"

"ఒక మామిడికాయల వ్యాపారి. అబద్ధమాడాల్సిన ఖర్మ అతనికేంటి? రేపు నొప్పులు పడుతూ ఒకామె అక్కణ్ణుంచి ఫోన్ చేస్తే, నీ కంప్యూటర్ వెళ్ళి పురుడు పోస్తుందా?"

వెకేసా దవడలు బిగుసుకున్నాయి. "అయితే పదండి, అక్కడే చూద్దాం. ఒక్క కాల్ తెగినా ఉద్యోగం మానేస్తాను."

"నువ్వు మానేదేంటి, నేనే పీకిస్తాను."

జీపు కొండ దిగింది. ఆఫీసుకు కాల్ కలిపి అలాగే ఉంచారు. ప్రతి మలుపులోనూ జెలగాట్ బండి ఆపించింది. బండరాళ్ళ చాటుకు వెళ్ళి నిలబడింది. సిగ్నల్ కొలిచే పరికరం తెర మీద గీత పడింది, లేచింది, మళ్ళీ పడింది. కాల్ మాత్రం తెగలేదు. అచ్చం నమూనా చెప్పినట్టే.

"ఇంకా కిందికి పోనీ," అంది పళ్ళు కొరుకుతూ.

నది ఒడ్డున మామిడితోటల దాకా వెళ్ళారు. పరికరాన్ని నమ్మక తన ఫోన్ తీసి తనే మాట్లాడింది. అవతలి గొంతు పక్కనే ఉన్నట్టు వినపడింది. తిరిగి వస్తూ మలుపులన్నీ మళ్ళీ చూశారు. ఒక్కసారి కూడా తెగలేదు.

గెలిచానన్న సంబరం వెకేసాకు లేకపోయింది. ఆమె తన ఫోన్‌లో పాత కాల్స్ జాబితా తిరగేస్తోంది.

"ఆ వ్యాపారి ఫోనే పాడై ఉంటుంది మేడమ్. నంబరివ్వండి, నేను మాట్లాడతాను."

జెలగాట్ కాగితాలు లాక్కుని, చిరిగేంత గట్టిగా సంతకం పెట్టింది.

"నీకెందుకులే, రాత్రి ఉగాలి ముద్ద తినడానికి ఇంటికొస్తాడుగా మా ఆయన, నేనే అడుగుతాను."